దేముడమ్మ చేతి పొక్కు

గెడ్డవలసలో దేముడమ్మది అమ్మవారు ముట్టని మొహం అంటారు. నలభై ఏళ్ళు దాటినా ఆ మొహం మీద ఒక్క గుంట లేదు. ఆమె ఈడువాళ్ళలో కొందరికి బుగ్గల నిండా మశూచి మచ్చలుంటాయి, కొందరికి జబ్బల మీద టీకా మచ్చలుంటాయి. దేముడమ్మకి రెండూ లేవు. అందుకే ఎండాకాలంలో చుట్టుపక్కల ఏ ఊళ్ళో అమ్మవారు పోసినా, కథ చెప్పడానికి ఆమెకే కబురు పెట్టేవారు.

చెప్పేది అమ్మవారి కథ. అన్న కూర్మయ్య పక్కన నిలబడి జముకు వాయించేవాడు. కుంచం లాంటి గుల్లకి ఒక పక్క తోలు కప్పి, దాని నడుమ నుంచి నరం లాగి, చంకలో పెట్టుకుని మీటితే జుయ్యిమని మోగే వాద్యం అది. వరసకి బావ అయిన లక్ష్ముడు వెనక వంత పాడేవాడు. ముగ్గురూ కలిస్తే కథ తెల్లవార్లూ సాగేది. కాని వినేవాళ్ళేరీ? పందిట్లో కూర్చున్నవాళ్ళ చెవులు కథ మీద ఉండవు, లోపల వేపాకుల మీద పడుకోబెట్టిన పిల్లల మూలుగు మీద ఉంటాయి. అమ్మ శాంతించాలని చెప్పించే కథ అది. ఆగకుండా సాగితే వాళ్ళకి చాలు, ఎటు సాగినా ఒకటే.

ఒక్క మనిషి మాత్రం విన్నాడు. విజయనగరంలో సంగీతం నేర్పే లక్ష్మీనరసింహం గారు ఆ మధ్య బొబ్బిలి దగ్గర ఒక జాతరలో ఆమె కథకి వచ్చి కూర్చున్నారు. అమ్మవారు దాహంతో ఇల్లిల్లూ తిరిగే ఘట్టం దగ్గర దేముడమ్మ గొంతు తడుపుకోవడానికి ఆగితే, ఆయన చాప మీంచి ముందుకి జరిగి, “తరవాత? నీళ్ళెవరిచ్చారు?” అన్నారు.

ఆ ప్రశ్న అంతవరకూ ఆమెని ఎవరూ అడగలేదు. కథ అందరికీ తెలుసు, కథంటే అందరికీ భయం. ఆ రోజు మిగతా కథ ఆమె ఆ ఒక్క మనిషికే చెప్పింది. ఇంటికొచ్చాక కూడా చాలా రోజులు ఆ మాట చెవిలోంచి పోలేదు. తరవాత? నీళ్ళెవరిచ్చారు?

ఆయనే ఎక్కడెక్కడో ఉత్తరాలు రాసి, జర్మనీ దేశంలో జరిగే పల్లె కళల ఉత్సవానికి ఈ ముగ్గురినీ పిలిపించారు. పాస్‌పోర్టులకే ఏడాది పట్టింది. అవతల కొండల్లో గిరిజన పోరాటం ముదురుతున్న రోజులవి. పాటలు కట్టేవాళ్ళంటే పోలీసులకి అనుమానం. “అమ్మోరి కతలే సెప్తావా, ఇంకేటైనా సెప్తావా?” అని కానిస్టేబులు వచ్చి అడిగి వెళ్ళాడు. చివరికి పాస్‌పోర్టులొచ్చాయి. మాస్టారు వాటిని గుడ్డసంచిలో పెట్టుకుని, ఆమదాలవలసలో రైలు దిగి, ఎండలో పడి గెడ్డవలస వచ్చారు.

“ఇంక వీసా ఒక్కటే మిగిలింది. వచ్చే వారం బుధవారం మద్రాసులో జర్మనీ వాళ్ళ ఆఫీసుకి ముగ్గురూ రావాలి. అయితే మశూచి టీకా వేయించుకున్నట్టు కాయితం ఉండాలి. అది లేనిదే వాళ్ళు ముద్ర కొట్టరు” అన్నారు అరుగు మీద కూర్చుని.

లక్ష్ముడు చొక్కా చెయ్యి పైకి మడిచాడు. “నాకు రెండు జబ్బలకీ ఉన్నాయి పంతులుబావూ. కావలిస్తే ఒకటి అరువిస్తాను.”

“నీ మొహం. పాత మచ్చలున్నవాళ్ళకి మళ్ళీ గీరి, అప్పుడే కాయితం ఇచ్చేస్తారు. లేనివాళ్ళకే చిక్కు. టీకా వేశాక వారం ఆగాలి. పొక్కు లేచిందా లేదా అని డాక్టరు కళ్ళారా చూసి, అప్పుడు ముద్ర వేస్తాడు. దేముడమ్మా, నీకు మచ్చ ఉందా?”

దేముడమ్మ ఆయనకి నీళ్ళిచ్చిన చెంబు తిరిగి అందుకుంది. గోడవార చేరగిలబడి చుట్ట కాల్చుకుంటున్న మేనత్త దాలమ్మ జవాబిచ్చింది. “దానికి నేదు. ఉండకూడదు.”

దాలమ్మకి డెబ్భై దాటాయి. ఆ కథ ఆమెది. ఆమె గొంతు పోయాకే దేముడమ్మకి వచ్చింది.

“ఎందుకుండకూడదు?” అన్నారు మాస్టారు.

“అమ్మోరికి అడ్డం ఏసుకున్నోలు అమ్మోరి పందిట్లో ఎలాగ నిలబడతారు పంతులూ? వంతోడికీ జముకోడికీ పట్టింపు నేదు. కత సెప్పీదాని ఒంటి మీద టీకా గాటు పడకూడదు. మా అమ్మ ఒంటి మీద నేదు, నా ఒంటి మీద నేదు.”

దాలమ్మ బుగ్గల నిండా మశూచి గుంటలున్నాయి. వాటిని ఆమె ఎప్పుడూ నగల్లాగే మోసింది.

దేముడమ్మ ఇత్తడి చెంబు లోపల పెట్టి వచ్చి, “ఎప్పుడెళ్ళాల పంతులుబావూ?” అని అడిగింది.

దాలమ్మ చుట్ట నోట్లోంచి తీసి మేనకోడలి వైపు చూసింది.

ఆ సోమవారం శ్రీకాకుళం వెళ్ళే బస్సులో దేముడమ్మకి చెల్లెలు గుర్తొచ్చింది. చిన్నతనంలో టీకాలవాడు ఊళ్ళోకి వచ్చినప్పుడల్లా దాలమ్మ ఆమెనీ, చెల్లెలు అమ్మడునీ ఎత్తి ధాన్యం గాదెలో దింపేది. లోపల చీకటి, నూగు, ఊపిరాడని వేడి. అమ్మడు తుమ్మబోతే దేముడమ్మ దాని ముక్కు పట్టుకునేది. బయట టీకాలవాడు “ఈ ఇంట్లో పిల్లల్లేరా?” అని అడగడం, “నేరు బావూ” అని అత్త చెప్పడం వినపడేవి. ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వుకునేవారు. మరుసటి ఎండాకాలం అమ్మడుకి అమ్మవారు పోసింది. దాలమ్మ దాని పక్కనే నిలబడి కథ చెప్పింది. వంత పాడేవాడు భయపడి రాలేదు. అప్పుడు దేముడమ్మ వంత అందుకుంది, మొదటిసారి. కథ పూర్తయ్యేసరికి అమ్మడు లేదు. అమ్మకి ముద్దొచ్చి తీసుకుపోయింది అన్నారు అందరూ. దేముడమ్మ కూడా అలాగే అనుకుంది, చాలా ఏళ్ళు.

ఆసుపత్రిలో కూర్మయ్యకీ లక్ష్ముడికీ గీరి, కాయితాలిచ్చి పంపేశారు. దేముడమ్మ చెయ్యి పట్టుకుని టీకా వేసే ఆయన ఆశ్చర్యపోయాడు. “ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కున్నావమ్మా?”

“గాదెలో” అంది దేముడమ్మ.

అతను నవ్వి, ఎడమ జబ్బ మీద సీసాలోని మందు చుక్క వేసి సూదితో గుచ్చాడు. వచ్చే సోమవారం వచ్చి డాక్టరుకి చూపించమన్నాడు. సోమవారం చూపిస్తే, మంగళవారం రైలెక్కితే, బుధవారానికి మద్రాసు. మధ్యలో ఒక్క పూట కూడా ఖాళీ లేదు.

శుక్రవారానికి చెయ్యి బరువెక్కింది. శనివారం జ్వరం వచ్చింది. ఆదివారం పొద్దున్న రవిక చెయ్యి పైకి లాగి చూసుకుంటే, జబ్బ మీద ముత్యమంత పొక్కు. నడుమ చిన్న నొక్కు, చుట్టూ ఎర్రటి వలయం. ఇలాంటి పొక్కుల్ని ఆమె ఎన్ని ఇళ్ళలో చూసిందో!

వెనక నుంచి దాలమ్మ కూడా చూసింది. ముసలామె దగ్గరికి వచ్చి, వంగి, ఆ పొక్కు వైపు చాలాసేపు చూసి, రెండు చేతులూ జోడించింది.

“అమ్మే” అంది.

“అత్తా, ఇది మందు.”

“నీకు నాను సెప్పాలా? ఈ రూపు అమ్మదే. టీకాలోడి సీసాలో ఉన్నది మరేటనుకున్నావు? అమ్మనే పట్టి అందులో పెట్టినారు.” దాలమ్మ గొంతులో కోపం లేదు. ఎన్నాళ్ళకో బరువు దిగినట్టుంది. “మంచిదేనే. టీకా గాటు కాదు ఇది, అమ్మ ఒచ్చినట్టే. నువ్వు మళ్ళీ పందిట్లో నిలబడొచ్చు, ఎవులూ ఏటీ అన్లేరు.”

ఆమె బయటికి వెళ్ళి వేపమండలు విరిచి తెచ్చి గుమ్మానికి కట్టింది. పొయ్యి మీద పోపు మూకుడు దింపేసింది. అమ్మవారు వచ్చిన ఇంట్లో తాలింపు వాసన రాకూడదు. వచ్చిన మనిషి మూడుసార్లు నీళ్ళు పోసుకునేదాకా పొలిమేర దాటకూడదు. మూడు నీళ్ళు అంటే పది పదిహేను రోజులు.

అప్పుడు తెలిసింది దేముడమ్మకి తను ఎక్కడ ఇరుక్కుందో. చేతి మీదిది అమ్మ అంటే కథ మిగుల్తుంది, కానీ ఊరి పొలిమేరలో పారే గెడ్డ దాటడానికి లేదు, వీసా పోయినట్టే. మందు అంటే రేపు శ్రీకాకుళం వెళ్ళొచ్చు, మద్రాసు వెళ్ళొచ్చు, కానీ అమ్మవారి పందిరి ఇంక ఈ జన్మలో లేదు.

“ఏటి సేద్దామే?” అన్నాడు కూర్మయ్య జముకు నరానికి మైనం రాస్తూ. రాసిన చోటే మళ్ళీ రాస్తున్నాడు.

“ఇంకేటి సేస్తాది? నానూ నువ్వూ ఎల్దాం. దీని బదులు నాను సీర కట్టుకుంటాను, జర్మనీ దొరలకి తేడా తెలుస్తాదేటి?” అన్నాడు లక్ష్ముడు. ఎవరూ నవ్వకపోయేసరికి లేచి వీధిలోకి పోయాడు.

ఆ మధ్యాహ్నం గెడ్డకి అవతల ఉన్న నాయుడివలస నుంచి గణపతిరావు నాయుడు వచ్చాడు. ఆ ఊరికి పెద్ద. ఎండలో నడిచొచ్చి, తలపాగాతో మొహం తుడుచుకుని, గుమ్మానికి కట్టిన వేపమండల్ని చూసి అక్కడే ఆగిపోయాడు.

“ఎవులికి దాలమ్మా?”

“నా కోడలికి” అంది దాలమ్మ. “రా నాయుడుబావూ, కూకో.”

అతను కూర్చోలేదు. “మా ఊళ్ళోనూ రెండిళ్ళల్లో పోసినాది. కత సెప్పించాలని ఒచ్చాను. రేపు సర్కారు టీకాలోలు కూడా ఒస్తన్నారు. ఊరందరికీ ఏస్తారంట.” అతను దేముడమ్మ వైపు తిరిగాడు. “నువ్వు శీకాకుళంలో ఏయించుకున్నావని జనానికి తెలిసిపోనాది. ‘కత సెప్పీదే ఏయించుకుంటే మనమూ ఏయిద్దాం’ అంటన్నారు కొందరు. ‘టీకా ఏయించుకుంటే అమ్మోరు పోస్తాది, పిల్లల్ని దాసీయండి’ అంటన్నారు కొందరు. దేముడమ్మని అడిగొస్తానని సెప్పి ఒచ్చాను. సెయ్యి సూపించు.”

దేముడమ్మ రవిక చెయ్యి పైకి లాగింది. నాయుడు దూరం నుంచే చూశాడు. అతని వెంట వచ్చిన మనవరాలు తాత పంచె పట్టుకుని వెనక నుంచి తొంగి చూస్తోంది. దాని మొహం మీద ఒక్క గుంట లేదు.

“ఏటది?” అన్నాడు నాయుడు. “అమ్మా? మందా?”

దాలమ్మ మేనకోడలి పక్కకి వచ్చి నిలబడింది. “సెప్పవే” అంది మెల్లగా. “అమ్మ అని సెప్పు. తప్పేటి నేదు. నాను కళ్ళారా సూసినాను.”

కూర్మయ్య చేతిలో మైనం ముద్ద ఆగిపోయింది. అమ్మ అంటే అబద్ధమవుతుందని దేముడమ్మకి నమ్మకం లేదు. మందంటే అదీ పూర్తిగా నిజమని నమ్మకం లేదు. ఈ పొక్కుని చూస్తే చేతులు జోడించాలనే ఉంది ఆమెకీ. కాని నాయుడు అడుగుతున్నది నమ్మకం గురించి కాదు. రేపు టీకాలవాళ్ళు వాకిట్లో నిలబడి “ఈ ఇంట్లో పిల్లల్లేరా?” అని అడిగితే ఏం చెప్పాలో అడుగుతున్నాడు. గాదెలో నూగు వాసన ఆమె ముక్కుకి తగిలింది. తుమ్మకుండా తను నొక్కి పట్టుకున్న చిన్న ముక్కు వేళ్ళకి తగిలింది.

“మందే నాయుడుబావూ” అంది. “పిల్లల్ని దాయకండి.”

దాలమ్మ పక్కకి జరిగింది. కొంగుతో ఒకసారి మొహం తుడుచుకుంది.

నాయుడు తల పంకించాడు. “సరే. ఊళ్ళో అలాగే సెప్తాను.” కాసేపు తలపాగా కొస నలిపి, “కాని దేముడమ్మా, మందయితే... మరి నువ్వు మా పందిట్లో...”

“తెలుసు బావూ.”

“నానే సెప్తాను కత” అంది దాలమ్మ. ఆ మాట నాయుడికి కాదు, మేనకోడలికి తగలాలని అన్నట్టుంది. “నా గొంతు పోతే పోనాది. శనివారానికి పందిరెయ్యించు.”

మర్నాడు దేముడమ్మ గెడ్డ దాటింది. నీళ్ళు మడమల దాకా కూడా లేవు. అవతలి గట్టు ఎక్కాక వెనక్కి తిరిగి చూసింది. ఆకాశం విరిగి మీద పడలేదు. డాక్టరు పొక్కు చూసి, “బాగా లేచింది” అని కాయితం మీద ముద్ర కొట్టాడు.

మద్రాసులో ఆ ఆఫీసు చల్లగా ఉంది. బల్లకి అవతల కళ్ళజోడు దొర ఒకాయన కూర్చున్నాడు. ముందు కూర్మయ్యని, తరవాత లక్ష్ముడిని పిలిచి రెండేసి మాటలడిగి పంపేశాడు. దేముడమ్మ కాయితాలు మాత్రం ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు. టీకా కాయితం మీద తేదీలు వేలితో లెక్కపెట్టుకుని పక్కన పెట్టాడు. మాస్టారి చొక్కా ఆ చల్లదనంలో కూడా వీపుకి అంటుకుపోయింది.

దొర ఏదో అడిగాడు. మాస్టారు తెలుగులో చెప్పారు. “నీకు పొలముందా?”

“నేదు.”

“భర్త?”

“పోనాడు.”

“పిల్లలు?”

“కూతురు. పెళ్ళి సేసీసినాను.”

ఒక్కో మాటకీ దొర కలం ఆగుతోంది. చివరికి కలం కింద పెట్టి సూటిగా ఆమె వైపే చూసి అడిగాడు. మాస్టారు గొంతు సవరించుకుని అన్నారు. “తిరిగి రావడానికి మీ ఊళ్ళో నీకేముంది అంటున్నాడు. జాగ్రత్తగా చెప్పు. అక్కడే ఉండిపోతావని వీళ్ళ అనుమానం. నీ కథ కోసం ఊళ్ళు ఎదురుచూస్తాయని చెప్పనా?”

“అది సెప్పొద్దు పంతులుబావూ. ఎదురుసూడవు.”

ఏం చెప్పాలి? కథ లేదు. పిలిచే పందిరి లేదు. వారం కిందట అడిగితే ఒక్క ఊపిరిలో పది ఊళ్ళ పేర్లు చెప్పి ఉండేది. గోడ మీద గడియారం చప్పుడు చేస్తోంది. దొర కాయితాలు ఒక దగ్గరికి చేరుస్తున్నాడు. మాస్టారు కుర్చీలో ముందుకి వంగారు.

“మా అత్త గుమ్మానికి నా పేరున వేపమండ కట్టినాది” అంది దేముడమ్మ. “ఎవులికి కట్టినారో ఆలే ఇప్పాల. ఇంకోలు ముట్టుకోకూడదు. నాను తిరిగెల్లకపోతే అది అలాగే ఉంటాది. ఇంట్లో పోపు ఎయ్యరు.”

మాస్టారు ఒక్క క్షణం ఆమెని చూసి, దొర వైపు తిరిగి ఇంగ్లీషులో చాలాసేపు చెప్పారు. ఏం చెప్పారో ఆమెకి తెలీదు. మధ్యలో ఆయన రెండు చేతులూ పైకెత్తి గుమ్మానికి కట్టినట్టు చూపించడం మాత్రం కనిపించింది. దొర కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. ఏదో చిన్న మాట అడిగాడు.

“తరవాత ఏమవుతుంది అంటున్నాడు” అన్నారు మాస్టారు. “మండ విప్పాక.”

“గెడ్డలో కలిపీడమే.”

దొర ముద్ర తీశాడు.

శనివారం సాయంత్రం ఆమదాలవలసలో దిగి, మిగతా ఇద్దర్నీ సామానుతో వెనక రమ్మని, దేముడమ్మ ముందు నడిచింది. ఇంటి తలుపు గొళ్ళెం వేసి ఉంది. గుమ్మానికి వేపమండలు ఎండిపోయి వేలాడుతున్నాయి. ముట్టుకుంటే ఆకులు రాలాయి. దాలమ్మ వాటి జోలికి పోలేదు. దేముడమ్మ ముడి విప్పి మండల్ని చేతిలోకి తీసుకుంది. అప్పుడే గెడ్డకి అవతల నుంచి జముకు వినిపించింది. పరాయి జముకు. తాళం కొంచెం ముందు పోతోంది.

ఆమె గెడ్డలో దిగి మండల్ని నీళ్ళలో వదిలి, నాయుడివలస వైపు గట్టెక్కింది.

పందిట్లో దీపాలు పెడుతున్నారు. దాలమ్మ నడుముకి కొంగు బిగించి నిలబడింది. గొంతు ఎండు తాటాకులా గరగరలాడుతోంది. పక్కూరి నుంచి తెచ్చుకున్న జముకువాడు ఆమె కోసం ఆగడం లేదు. జనం కథ వినడం లేదు, ముసలామె ఎప్పుడు పడిపోతుందా అని చూస్తున్నారు. ముందు వరసలో నాయుడి మనవరాలు జబ్బకి గుడ్డ కట్టుకుని కూర్చుంది. దాని పక్కన ఇంకో ఇద్దరు పిల్లలకీ అలాగే గుడ్డలున్నాయి.

దేముడమ్మ పందిరి రాటకి ఇవతలే ఆగింది. కథ చెప్పే మనిషిగా ఇంక లోపలికి అడుగు వెయ్యకూడదు.

కథ దాహం ఘట్టానికి వచ్చింది. అమ్మవారు ఇల్లిల్లూ తిరుగుతోంది. ఎవరూ తలుపు తియ్యడం లేదు. “ఏ వాకిట నిలిచినాదో, ఏమని అడిగినాదో...” అని ఎత్తుకుని దాలమ్మ ఆగిపోయింది. జముకు మోగుతూనే ఉంది. ముసలామె మళ్ళీ అదే చరణం ఎత్తుకుంది, మళ్ళీ అక్కడే ఆగింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అమ్మవారి కథ మధ్యలో ఆగకూడదు.

రాటకి ఇవతల చీకట్లోంచి వంత వినిపించింది.

“కుమ్మరోరి వాకిట నిలిచినాదీ, కుండెడు నీళ్ళని అడిగినాదీ...”

గణపతిరావు నాయుడు తల తిప్పి చూశాడు. లేవబోయాడు. మనవరాలు అతని చెయ్యి పట్టుకుని, “తాతా, ఇచ్చినారా నీళ్ళు?” అంది. అతను మళ్ళీ కూర్చున్నాడు.

దాలమ్మ అటు తిరగలేదు. చెయ్యెత్తి జముకువాడిని నిదానించమని సైగ చేసింది. తరవాత చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకుని, కోపంగానే అంది.

“ఎవులది అక్కడ? అంత దూరం నుంచి నాకేటి వినిపిస్తాది? గట్టిగా ఎత్తు!”